జామ్ బిస్కెట్లు ఇంట్లో: గుంట, కిటికీ, పట్టీ... చెన్నై వంటింటికి ఏది కుదురుతుంది?

జామ్ బిస్కెట్ పిండికి అమ్మమ్మల కాలం నుంచీ ఒకటే లెక్క. పంచదార ఒక పాలు, వెన్న రెండు పాళ్ళు, మైదా మూడు పాళ్ళు. గ్లాసు కొలత కాదు, తూకం. ఇదే పిండితో మధ్యలో గుంట నొక్కిన బిస్కెట్లు చేయొచ్చు, పైన కిటికీ కోసిన జత బిస్కెట్లు చేయొచ్చు, పొడుగ్గా కాల్చి ముక్కలు కోసుకునే పట్టీ బిస్కెట్లూ చేయొచ్చు. మూడింటి రుచీ దగ్గర దగ్గరే. తేడా అంతా జామ్ ఎప్పుడు వేస్తామన్న దాంట్లో ఉంది: ఓవెన్‌లోకి వెళ్ళక ముందా, సగం కాలాకా, పూర్తిగా చల్లారాకా? చెన్నైలాంటి ఉక్కపోత ఊళ్ళో రెండో రోజుకి బిస్కెట్ కరకరలాడుతుందా, మెత్తబడి చేతికి అంటుకుంటుందా అన్నది ఈ ఒక్క నిర్ణయం మీదే తేలుతుంది. వెన్న ఏది, జామ్ ఏది, ఓవెన్ ఏది అన్నవన్నీ దాని తర్వాతే.

కాబట్టి ఆకారం చూసి ముచ్చటపడి మొదలుపెట్టొద్దు. ఎప్పుడు తింటారు, ఎక్కడికి పట్టుకెళ్తారు, ముందు అది తేల్చుకోండి.

అన్నిటికీ ఒకటే పిండి

ఒక విడతకి 100 గ్రాముల వెన్న, 50 గ్రాముల పంచదార పొడి, 150 గ్రాముల మైదా. చిన్న వెన్న ప్యాకెట్ ఒకటి విప్పితే సరిగ్గా సరిపోయే లెక్క ఇది. గుడ్డు తినే ఇంట్లో ఒక పచ్చసొన, తినని ఇంట్లో ఒక టేబుల్‌స్పూన్ చల్లటి పాలు. అర టీస్పూన్ వెనిల్లా ఎసెన్స్, లేదా రెండు ఏలకుల పొడి. పచ్చసొన వేస్తే బిస్కెట్ గుల్లగా, లేత పసుపు రంగులో వస్తుంది. పాలు వేస్తే కాస్త గట్టిగా, కరకరగా వస్తుంది. గుడ్డు లేకుండా మంచి బిస్కెట్ రాదేమోనన్న అనుమానం అక్కర్లేదు, బెంగళూరు అయ్యంగార్ బేకరీల వెన్న బిస్కెట్ తిన్నవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

తూకం మెషిన్ లేకపోతే ఒక్క విషయం గుర్తుంచుకోండి. 240 మి.లీ. కప్పులోకి మైదాని చెంచాతో వదులుగా పోస్తే 120 గ్రాములు పడుతుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 140, 150 దాకా పోతుంది. వదులుగా పోసిన కప్పూ పావు అయితే మన లెక్కకి సరిపోతుంది. ముంచి తీస్తే పిండి పొడిబారి, గుంట నొక్కగానే అంచులన్నీ విచ్చుకుంటాయి. బిస్కెట్లు పగిలాయని అనేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే.

పంచదార తప్పకుండా మిక్సీలో పొడి చేసి జల్లించాలి. పలుకు పంచదార వెన్నలో పూర్తిగా కరగదు, ఓవెన్ వేడికి పాకమై పారుతుంది. దాంతో బిస్కెట్ పల్చగా పరుచుకుంటుంది, అడుగున చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. వెన్న, పంచదార పొడి చెక్క గరిటెతో ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు కలిపితే చాలు. కేకుకి చేసినట్టు తెల్లగా నురగలా గిలకొడితే గాలి నిండిపోయి బిస్కెట్ పొంగుతుంది, గుంట పూడుకుపోతుంది. బేకింగ్ పౌడర్ వద్దనేది కూడా అందుకే. మైదా జల్లించి వేశాక వేళ్ళ కొసలతో దగ్గరికి తెస్తే చాలు. చపాతీ పిండిలా మర్దించారా, జిగురు సాగి బిస్కెట్ గట్టిపడుతుంది.

జామ్ ఎప్పుడు?

గుంట బిస్కెట్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ముగ్గురిలో ఇద్దరు చేయాల్సింది ఇదే.

15 గ్రాముల ముద్దలు తీసుకోండి, చిన్న ఉసిరికాయంత. మొత్తం 20, 21 వస్తాయి. రెండు అరచేతుల మధ్య తిప్పి, మీద ఒక్క గీత కూడా లేని ఉండ చేయాలి. ఆ గీతే తర్వాత పగులవుతుంది. ట్రేలో వేలెడు ఎడంతో పేర్చి, బొటనవేలితోనో అర టీస్పూన్ వీపుతోనో మధ్యలో నొక్కండి. అడుగున 4, 5 మిల్లీమీటర్ల మందం మిగలాలి. అంతకంటే పల్చబడితే జామ్ కిందికి ఊరి ట్రేకి అతుక్కుంటుంది. ట్రే అలాగే 20 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, 165 డిగ్రీలకి వేడెక్కిన ఓవెన్‌లో 8 నిమిషాలు కాల్చండి.

ఇప్పుడు బయటికి తీసి చూస్తే గుంటలు సగం పొంగి ఉంటాయి. చెంచా వీపుతో మళ్ళీ మెల్లగా నొక్కాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇది. గుంట లోతు తగ్గిపోతే జామ్ అంచు దాటి పొంగి, ట్రే మీద మాడి, చేదెక్కుతుంది. నొక్కాక అర టీస్పూన్ జామ్ వేయండి, అంచుకి ఒక గీత కింద ఆగాలి. మళ్ళీ 7, 8 నిమిషాలు. అడుగు అంచు లేత గోధుమ రంగు తిరిగి, జామ్ చుట్టూ సన్నని బుడగలు కనిపిస్తే అయినట్టే. అప్పుడు మధ్యలో వేలు పెట్టి చూస్తే బిస్కెట్ ఇంకా మెత్తగానే ఉంటుంది, అది చూసి మళ్ళీ లోపల పెట్టొద్దు. ట్రే మీదే 5 నిమిషాలు వదిలేస్తే గట్టిపడుతుంది.

సగం కాలాక ఎందుకంటే, మొదటి నుంచే జామ్ వేసి 16 నిమిషాలు కాలిస్తే అందులోని నీరంతా ఎగిరిపోయి తోలులా సాగుతుంది. చల్లారాక వేస్తే నిగనిగలాడుతూ అందంగా ఉంటుంది కానీ అందులోని తేమ గంట గంటకీ బిస్కెట్‌లోకి ఊరుతుంది. మధ్యలో వేస్తే పైన పల్చటి పొర కట్టి, వేలు పెడితే అంటుకోదు. బటర్ పేపర్ మధ్యలో వేసి ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. నెల్లూరుకో విజయవాడకో రైల్లో పట్టుకెళ్ళాలంటే ఇదొక్కటే నమ్మకమైన దారి.

కిటికీ బిస్కెట్ సంగతి వేరు. ఆస్ట్రియాలో లింజ్ పట్టణం పేరుతో వాడుకలోకి వచ్చిన లింజర్ పద్ధతి ఇది. అక్కడి అసలు పిండిలో గింజల పొడి పడుతుంది. మన పిండిలో 30 గ్రాముల మైదా తగ్గించి అంతే బాదం పొడి వేస్తే ఆ వాసన వస్తుంది, కానీ పిండి ఇంకా పెళుసవుతుంది, కోసేటప్పుడు జాగ్రత్త. పిండిని రెండు మందపాటి ప్లాస్టిక్ షీట్ల మధ్య పెట్టి చపాతీ కర్రతో 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తాలి. షీటుతో సహా ఒక స్టీలు పళ్ళెం మీదికి జరిపి ఫ్రిజ్‌లో అరగంట, తొందరగా ఉంటే ఫ్రీజర్‌లో 10 నిమిషాలు. గట్టిపడ్డాక చిన్న స్టీలు గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, సగం వాటికి మధ్యలో సీసా మూతతో కిటికీ కోయాలి. 160 దగ్గర 11, 12 నిమిషాలు చాలు. కిటికీ ఉన్నవి ఒక నిమిషం ముందే అవుతాయి కనుక రెండు రకాల్నీ ఒకే ట్రేలో పెట్టకండి.

పూర్తిగా చల్లారాక కిటికీ ఉన్నవాటి మీద పంచదార పొడి జల్లి, కిందివాటికి ముప్పావు టీస్పూన్ జామ్ రాసి, పైన మూయాలి. పొడి జల్లాక జత చేయడమే వరస. అటూ ఇటూ అయితే కిటికీలో జామ్ మీద తెల్లగా పడి, తడిసి, మచ్చలా కనిపిస్తుంది.

చూడ్డానికి దీన్ని మించింది లేదు. కానీ చెన్నై గాలిలో జత చేసిన 5, 6 గంటలకే మెత్తబడటం మొదలవుతుంది, మర్నాటికి నోట్లో వెన్నలా కరుగుతుంది. అలా కరిగేదే కొందరికి ఇష్టం. కరకర కావాలనేవాళ్ళు ఖాళీ బిస్కెట్లు డబ్బాలో దాచి, తినే రోజు మాత్రమే జత చేసుకోవాలి. క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు, గవ్వల పక్కన పెట్టాలనుకుంటే ఖాళీవి వారం ముందే కాల్చి, పండగ రోజు పొద్దున జామ్ రాసుకోండి.

మూడోది పట్టీ. వంటింట్లో గంట మించి నిలబడే ఓపిక లేనివాళ్ళకి, చిన్నపిల్లలతో చేయించేవాళ్ళకి ఇదే నయం. పిండిని రెండు భాగాలు చేసి, ఒక్కోదాన్ని జానెడు కంటే కొంచెం పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు ఉండే కడ్డీలా చేయాలి. మధ్యలో చూపుడువేలితో పొడుగునా గాడి తీసి, 20 నిమిషాలు చల్లబరిచి, జామ్ నింపి, 165 దగ్గర 18 నుంచి 20 నిమిషాలు కాల్చాలి. పిండి మందం ఎక్కువ కనుక జామ్ మొదట్లోనే వేసినా తోలులా అవదు. బయటికి తీశాక 5 నిమిషాలు ఆగి, వేడి మీదే పదునైన చాకుతో ఏటవాలుగా కోయండి. చల్లారాక కోస్తే పొడిపొడిగా రాలుతుంది. ముక్క అంచులు అంత కరకరగా ఉండవు, కానీ పగలడమన్న బెంగ ఉండదు, ఉండలు లెక్కపెట్టే పనీ ఉండదు.

కజ్జికాయలా జామ్‌ని లోపల పెట్టి పూర్తిగా మూసేయొచ్చా అని అడుగుతారు. మామూలు జామ్‌తో వద్దు. జామ్‌లోని నీరు ఆవిరై బయటికి దారి వెతుక్కుంటుంది, అతుకు దగ్గర పగిలి కారిపోతుంది. హల్వాలా గట్టిగా దగ్గరకి తీసిన జామపండు గుజ్జు ఉంటేనే ఆ ప్రయత్నం చేయండి.

మే నెల వంటిల్లు

వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరిగిపోతుంది. కత్తిరి ఎండల్లో, అంటే మే నెల మండుటెండల్లో, చెన్నై వంటిల్లు మధ్యాహ్నం ఉండేది సరిగ్గా ఆ వేడిలోనే. "వెన్న గది ఉష్ణోగ్రతకి రావాలి" అని విదేశీ వంటల్లో చెప్పేది 20 డిగ్రీల గదిని చూసి. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి తీసి 10 నిమిషాలు ఆగితే చాలు. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం జిడ్డు అంటకూడదు.

పొద్దున 6, 7 గంటల మధ్య పిండి కలుపుకోవడం మేలు. గిన్నె, మైదా అరగంట ముందే ఫ్రిజ్‌లో పెట్టండి. కలుపుతుండగా పిండి నిగనిగలాడి, చేతికి నూనెలా తగులుతుంటే వెన్న విడిపోతోందని అర్థం. అక్కడే ఆపి 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ సమయంలో ఇంకో గుప్పెడు మైదా వేయాలనిపిస్తుంది. వేయొద్దు. జిడ్డు తగ్గినట్టే కనిపిస్తుంది, కాల్చాక మాత్రం బిస్కెట్ బరువుగా, నోట్లో పిండి పిండిగా మిగులుతుంది. పిండికి కావాల్సింది మైదా కాదు, చల్లదనం.

రెండో విడత పాడయ్యేది ఎక్కువగా ట్రే వల్ల. ఇంట్లో ఉన్నది ఒకటే ట్రే, ఓవెన్ కూడా వేడిగానే ఉందని వెంటనే తర్వాతి ఉండలు పేరుస్తారు. వేడి ట్రే మీద వెన్న అప్పటికప్పుడే కరిగి, అంచు గట్టిపడేలోపే బిస్కెట్ అప్పడంలా పరుచుకుంటుంది. ట్రేని కాసేపు ఆరనిచ్చి, వెనక వైపు కుళాయి కింద పట్టి, పొడిగా తుడిచి వాడండి. లేదా ఉండలన్నీ బటర్ పేపర్ మీద పేర్చి ఫ్రిజ్‌లో ఉంచితే, పేపర్‌తో సహా చల్లారిన ట్రే మీదికి లాక్కోవచ్చు.

కిటికీ బిస్కెట్ ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఏసీ గది ఉంటేనే పెట్టుకోండి. ఒత్తడం, కోయడం, కిటికీ తీయడం, ఇన్ని పనుల మధ్య పిండి మూడుసార్లు మెత్తబడుతుంది. గుంట, పట్టీ అయితే ఎండాకాలంలో కూడా నడుస్తాయి.

బెంగళూరులో ఉన్నవాళ్ళకి ఇబ్బంది ఇందుకు తిరగబడి వస్తుంది. డిసెంబరు పొద్దుటి చలికి వెన్న రాయిలా ఉంటుంది, అరగంట పైగా బయట ఉంచాలి. పిండి చల్లగా ఉన్నప్పుడు గుంట నొక్కితే పగులుతుంది, ఉండని అరచేతుల్లో ఇంకాస్త తిప్పి వెచ్చబరిచి నొక్కండి.

ఏ వెన్న?

ప్యాకెట్‌లో వచ్చే ఉప్పు వెన్నలో కొవ్వు 80 శాతానికి తక్కువ ఉండదు, ఉప్పు 3 శాతం దాకా ఉండొచ్చు. 100 గ్రాములకి రెండు మూడు గ్రాముల ఉప్పన్నమాట. జామ్ తీపికి అది బాగా నప్పుతుంది, విడిగా ఉప్పు వేయకుండా ఉంటే చాలు. తమిళనాడు పాల సహకార సంస్థ ఆవిన్ బూత్‌లలో దొరికే ఉప్పు లేని వంట వెన్న వాడితే రెండు చిటికెలు ఉప్పు కలపండి. వాసన దీంతోనే శుభ్రంగా వస్తుంది. గుంట బిస్కెట్‌కి ఉప్పు వెన్న, కిటికీకి ఉప్పు లేనిది, ఇదీ నా ఎంపిక. కిటికీ బిస్కెట్ పల్చన కనుక ఉప్పు నాలుకకి ముందు తగులుతుంది.

ఇంట్లో చిలికిన వెన్న రుచికి సాటి లేదు కానీ అందులో నీరు ఎంతుందో మనకి తెలియదు. మజ్జిగ పూర్తిగా పోయేదాకా చల్లటి నీళ్ళలో మూడు నాలుగు సార్లు కడిగి, ముద్దని అరచేత్తో నొక్కి నీళ్ళు కారనివ్వాలి, తర్వాత పల్చటి గుడ్డలో పిండాలి. అది వాడిన రోజు పాలు వేయొద్దు, పిండి కలవకపోతే అప్పుడు చెంచాతో చుక్కలుగా చేర్చుకోండి.

నెయ్యి వేస్తే నాన్‌ఖటాయి దారిలోకి పోతుంది, ఇసుకలా రాలే గుల్లదనం. 100 గ్రాముల వెన్నకి బదులు 80 గ్రాముల నెయ్యి, పైన ఒక టేబుల్‌స్పూన్ పాలు ఎక్కువ. కారణం తేలికే: వెన్నలో 16 శాతం దాకా నీరుంటుంది, నెయ్యిలో దాదాపు ఉండదు. నెయ్యి పూసకట్టి, మెత్తటి ముద్దలా ఉండాలి. ఎండాకాలం అది నీళ్ళలా ఉంటుంది కదా, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి 10 నిమిషాలకోసారి కలుపుతూ పేరనివ్వండి. గుంట బిస్కెట్‌కి నెయ్యి బాగానే ఉంటుంది, అంచులు కాస్త పగిలినా నష్టం లేదు. కిటికీకి మాత్రం పనికిరాదు, కోసిన ముక్క ఎత్తగానే విరుగుతుంది.

వనస్పతి గది వేడికి కరగదు, ఆకారం గీత గీసినట్టు నిలుస్తుంది. కానీ నోట్లో కూడా అంత తొందరగా కరగక అంగిట్లో పూత మిగులుతుంది. అమ్మమ్మ బిస్కెట్ రుచి కోసం చేస్తున్నవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు.

మైదా బదులు గోధుమ పిండి సగం వరకూ వేసుకోవచ్చు. ఒకటి రెండు టీస్పూన్ల పాలు అదనంగా పోసి, పావుగంట నాననివ్వాలి, తవుడు నీరు పీల్చుకుంటుంది. రాగి పిండి మూడో వంతు మించితే ఉండ కట్టదు. కరకర ఎక్కువ కావాలంటే 150లో 20 గ్రాములు బియ్యప్పిండి. ఇంతకు మించి పిండి గురించి ఆలోచించాల్సింది లేదు.

ఏ జామ్?

సీసా మీద రాసింది చదివి కొనండి. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం జామ్‌లో కరిగిన ఘనపదార్థం, అంటే ఎక్కువ భాగం చక్కెరే, 65 శాతానికి తగ్గకూడదు. మామూలు మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ ఓవెన్‌లో నిలబడేది ఆ చిక్కదనం వల్లే, పైగా జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ అనే పండ్ల పదార్థం కూడా ఉంటుంది. చక్కెర తగ్గించిన రకాల్లో నీరు ఎక్కువ. అవి పొంగి కారతాయి, డబ్బాలో తొందరగా బూజు పడతాయి. ఆ జామే తినాలనుకుంటే ఖాళీ గుంట బిస్కెట్లు కాల్చుకుని తినే ముందు వేసుకోండి.

సీసా జామ్‌ని కూడా నేరుగా వేయొద్దు. 100 గ్రాములు చిన్న గిన్నెలోకి తీసి, ఒక టీస్పూన్ నిమ్మరసం కలిపి, సన్నని సెగ మీద 3, 4 నిమిషాలు ఉడికించండి. గరిటెతో గిన్నె అడుగున గీత గీస్తే, ఆ దారి రెండు క్షణాలు అలాగే ఉండి నెమ్మదిగా మూసుకోవాలి. ఈ చిన్న పనికి రెండు లాభాలు: ముద్దలు విడిపోయి గుంటలో సమంగా పరుచుకుంటుంది, నీరు తగ్గి పొంగదు. కిటికీ బిస్కెట్‌కి ఇదే జామ్‌ని గోరువెచ్చగా రాస్తే చల్లారాక జిగురులా పట్టేసి, పై బిస్కెట్ జారకుండా ఉంటుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళకి నేను ముందు చెప్పేది బెంగళూరు బ్లూ ద్రాక్ష. బెంగళూరు గ్రామీణ, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు పండే నల్ల ద్రాక్ష ఇది, గింజలుంటాయి, పులుపు ఉంటుంది, వాసన ఘాటు. వెన్న బరువుకి ఆ పులుపు సరిగ్గా ఎదురు నిలుస్తుంది. చెన్నై కోయంబేడు మార్కెట్‌లోనో వీధి బండి మీదో కనిపిస్తే అరకిలో తీసుకోండి. పావు గ్లాసు నీళ్ళతో 10, 12 నిమిషాలు ఉడికించి, తొక్కలు చిట్లాక జల్లెడ మీద గరిటెతో రుద్ది గుజ్జు తీయండి. గుజ్జు తూచి, దాని బరువులో ముప్పావు వంతు పంచదార, ఒక నిమ్మకాయ రసం వేసి, వెడల్పాటి మూకుడులో పెద్ద సెగ మీద ఉడికించండి. గరిటె ఎత్తితే ధారగా కారకుండా, రెండు చుక్కలు కలిసి రేకులా జారాలి.

థర్మామీటర్ ఉంటే చెన్నైలో 104, 105 డిగ్రీలు. ఇదే అంకె బెంగళూరులో పట్టుకుంటే జామ్ పాకం ముదిరిపోతుంది. ఆ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉండటంతో అక్కడ నీళ్ళే 97 దగ్గర మరుగుతాయి, జామ్ కూడా 101, 102కే తయారవుతుంది. థర్మామీటర్ లేకపోతే ఊరితో పనిలేని పరీక్ష ఒకటి ఉంది. చిన్న స్టీలు ప్లేటు ఫ్రీజర్‌లో పెట్టి, దాని మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో తోయండి. పైపొర ముడతలు పడితే దించేయొచ్చు.

జామకాయల్లో పెక్టిన్ బాగా ఉంటుంది, దోరకాయల్లో ఇంకా ఎక్కువ. జెల్లీ గట్టిగా వస్తుంది, గుంట బిస్కెట్‌కి హాయిగా సరిపోతుంది. అనాస, స్ట్రాబెర్రీ రెండింట్లో పెక్టిన్ తక్కువ, నీరు ఎక్కువ. అవే కావాలంటే ఇంకో నాలుగైదు నిమిషాలు ఉడికించి, కిటికీ కంటే పట్టీకి వాడండి, గాడి లోతులో కారిపోకుండా నిలుస్తుంది. మామిడి జామ్‌లో పులుపు చాలకపోతే నిమ్మరసం రెండింతలు వేయండి.

ఏ పొయ్యి?

ఓటీజీ, అంటే పైనా కిందా కరెంటు రాడ్లుండే చిన్న ఓవెన్, ఉంటే ఇంకేం చూడొద్దు. పైనా కిందా రాడ్లు వేసి 12 నిమిషాలు వేడెక్కించి, మధ్య అరలో కాల్చండి. దాని గుండీ మీది అంకె, లోపలి వేడి ఒకటి కాకపోవచ్చు, 15, 20 డిగ్రీల తేడా మామూలే. లోపల వేలాడదీసే చిన్న ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే, చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు బేకరీ సామాన్ల కొట్లలో అడగండి, ఇన్నాళ్ళూ అడుగు ఎందుకు మాడుతోందో మొదటి రోజే తెలిసిపోతుంది. నల్ల ట్రే వేడిని ఎక్కువ లాగుతుంది. అడుగు ముందే ఎర్రబడుతుంటే ఒక ట్రే మీద ఇంకో ట్రే పెట్టి కాల్చండి.

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ఫ్యాన్ గాలి తగులుతుంది, జామ్ మీద పొర తొందరగా కడుతుంది. 10, 15 డిగ్రీలు తగ్గించి, జామ్‌ని ఇంకో రెండు నిమిషాలు ఆలస్యంగా వేయండి. కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే, ఉత్త మైక్రోవేవ్‌లో బిస్కెట్ కాలదు. ఎయిర్ ఫ్రయ్యర్‌లో 6, 7 బిస్కెట్లు పడతాయి, 150 దగ్గర 10 నిమిషాలు, సగంలో జామ్. ఇద్దరే ఉండే ఇంటికి అదే చాలు: ఉండలు చేసి ఫ్రీజర్‌లో దాచుకుని, కావలసినప్పుడు ఆరు తీసి కాల్చుకోవచ్చు.

ఓవెన్ లేని ఇంట్లో పాత అయిదు లీటర్ల కుక్కర్. రబ్బరు, విజిల్ రెండూ తీసేసి, అడుగున రెండు కప్పుల రాళ్ళ ఉప్పో ఇసుకో పరిచి, స్టాండ్ పెట్టి, మూతతో 10 నిమిషాలు మధ్య సెగ మీద వేడెక్కనివ్వండి. నెయ్యి రాసిన పళ్ళెంలో 7, 8 గుంట బిస్కెట్లు, సన్నని సెగ మీద 20 నుంచి 25 నిమిషాలు, 12 నిమిషాల తర్వాత జామ్. పైభాగం తెల్లగానే ఉంటుంది, అడుగు రంగు చూసి దించండి. మూత ఎత్తినప్పుడల్లా వేడి పోతుంది కనుక జామ్ వేసేటప్పుడు ఒక్కసారే తీయండి. కిటికీ బిస్కెట్ కుక్కర్‌లో పెట్టుకోవద్దు, కింద నుంచే వచ్చే వేడికి పల్చటి బిస్కెట్ అడుగు మాడేదాకా పైన పచ్చిగానే ఉంటుంది.

దాచడం

కాల్చిన బిస్కెట్లు జాలీ మీద గంట చల్లారాక వెంటనే డబ్బాలో పెట్టేయాలి. వేడి మీద మూత పెడితే ఆవిరికి మెత్తబడతాయి. రాత్రంతా పళ్ళెంలో వదిలేస్తే గాలిలోని తేమకి మెత్తబడతాయి, నవంబరు వానల్లో అయితే రెండు గంటలకే. జామ్ లేని బిస్కెట్లు గట్టి మూత డబ్బాలో రెండు వారాలు నిలుస్తాయి. సగంలో జామ్ వేసి కాల్చిన గుంట బిస్కెట్లు ఐదారు రోజులు, పట్టీ మూడు నాలుగు రోజులు, జత చేసిన కిటికీ బిస్కెట్లు మర్నాటి దాకా. కలిపిన పిండి ఫ్రిజ్‌లో రెండు రోజులు, ఉండలుగా ఫ్రీజర్‌లో నెల రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టే ముందే గుంట నొక్కి పెట్టండి, గడ్డకట్టాక నొక్కితే రెండు ముక్కలవుతుంది.

మెత్తబడ్డ గుంట బిస్కెట్లని 140 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, బయట పూర్తిగా చల్లారనిస్తే కరకర తిరిగి వస్తుంది. బిస్కెట్ చల్లారినా లోపలి జామ్ ఇంకా వేడిగానే ఉంటుంది, పిల్లల చేతికి ఇచ్చే ముందు ఇంకో 10 నిమిషాలు ఆగండి.